రెండు బ్యాటరీలు, మధ్యలో ఒక సోలినాయిడ్

"అక్కా, ఈ వీకెండ్‌కి క్యారవాన్ తీసుకుంటున్నాం" అని ఎవరు ఫోన్ చేసినా నేను ముందు అడిగేది ఒకటే, చెల్లీ. లోపల బ్యాటరీలు ఎన్ని ఉన్నాయి, వాటి మధ్యలో ఏం పెట్టారు అని. అవతల కాసేపు మాటుండదు. మంచాలెన్నో తెలుసు, ఫ్రిజ్ ఉందని తెలుసు, బాత్‌రూమ్ ఫొటో వాట్సాప్‌లో వచ్చేసి ఉంటుంది, రోజు అద్దె బేరమాడి తగ్గించి కూడా ఉంటారు. బ్యాటరీ దగ్గరికొచ్చేసరికి మాత్రం "అవన్నీ మా ఆయన చూసుకుంటాడక్కా" అనో, "వాళ్ళే చెక్ చేసి ఇస్తారటక్కా" అనో అంటారు. ఆ ఆయనకూ తెలియదు, ఇచ్చేవాళ్ళూ చాలాసార్లు చూడరు. అందుకే ఇవాళ తీరిగ్గా కూర్చుని ఈ ముచ్చట నీకే చెబుదామనుకున్నాను.

మాదాపూర్ రాళ్ళగుట్టల మధ్య సైబర్ టవర్స్ 1998లో మొదలైంది. ఇప్పుడా ఐటీ మేడల వరస గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, కోకాపేట దాకా సాగింది. ఆ అద్దాల మేడల్లో పొద్దస్తమానం పనిచేసే మన అమ్మాయిలు ఎంత కష్టమైన లెక్కనైనా తేల్చేస్తారు. అలాంటిది బండి సెల్ఫ్ తీసుకోకపోతే మాత్రం అన్నయ్యకు ఫోన్ చేయడం నాకు మనసొప్పదు. తెలివి చాలక కాదమ్మా, చిన్నప్పుడు బానెట్ ఎత్తినప్పుడల్లా మనల్ని "చేతులు నల్లగవుతాయి, పక్కకు జరుగు" అన్నారు కాబట్టి.

మన నగరంలో క్యారవాన్ అనగానే సినిమావాళ్ళ బండి గుర్తొస్తుంది. అవి బస్సంత ఉంటాయి, రోజంతా ఒకేచోట ఆగి జనరేటర్ మీద ఏసీ నడుపుకుంటాయి. వాటి కథ వేరు. నీలాంటివాళ్ళు అద్దెకు తీసుకునేవి టెంపో ట్రావెలర్ లాంటి వ్యానును లోపల ఇల్లులా మార్చినవి. వికారాబాద్ దగ్గరి అనంతగిరికో, లక్నవరానికో, గండికోటకో వెళ్ళి రాత్రి అక్కడే పడుకుంటారు. ఈ మార్పులకు చట్టం ఉందని కూడా తెలుసుకో. మోటార్ క్యారవాన్లకు ఏఐఎస్ 124 అనే ప్రమాణం ఉంది. ఆర్టీవో అనుమతి లేకుండా బండి స్వరూపం మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కుదరదు. ఆర్‌సీ చూపించమని అడగడానికి మొహమాటపడకు.

సరే, అసలు విషయం. ఇలాంటి బండిలో బ్యాటరీలు రెండు రకాలుంటాయి. ఒకటి ఇంజిన్‌ది. దాని పనల్లా తాళం తిప్పిన రెండు మూడు సెకన్లలో వందల ఆంపియర్ల కరెంటు ఒక్కసారిగా ఇచ్చి సెల్ఫ్ మోటార్‌ను తిప్పడం. అందుకే లోపల సీసం పలకలు పల్చగా, ఎక్కువగా ఉంటాయి. దాన్ని నెమ్మదిగా గంటల తరబడి పిండితే పాడైపోతుంది. రెండోది ఇంటి బ్యాటరీ. లైట్లు, ఫ్యాను, ఫ్రిజ్, నీళ్ళ పంపు, ఫోన్ చార్జర్లు అన్నీ దాని మీదే. మన ఫ్లాట్లో ఇన్వర్టర్ పక్కన పెట్టుకునే ట్యూబులార్ బ్యాటరీ ఉంటుందే, ఆ జాతిది. పలకలు మందం, నిదానంగా ఇస్తుంది, నిదానంగా తీసుకుంటుంది. అయినా అందులోనూ సగానికి మించి తోడేయకూడదు. 100 ఆంపియర్ అవర్లు అని రాసి ఉంటే నీకు నిజంగా అందేది 50 అనుకో.

ఈ రెండింటినీ నింపాల్సింది ఒక్కటే యంత్రం, ఇంజిన్‌కు బెల్టుతో తిరిగే ఆల్టర్నేటర్. మన మెకానిక్‌లు చాలామంది దాన్ని ఇప్పటికీ డైనమో అనే అంటారు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు అది 14 వోల్టుల చుట్టుపక్కల ఇస్తుంది. నిండుగా ఉండి విశ్రాంతిలో ఉన్న సీసం బ్యాటరీ 12.6 లేదా 12.7 చూపిస్తుంది, సగం ఖాళీ అయితే 12.2 దగ్గరుంటుంది. ఎక్కువ వోల్టేజీ ఉన్నచోటి నుంచి తక్కువున్న చోటికి కరెంటు పారుతుంది. కాబట్టి బండి నడిచేటప్పుడు రెండు బ్యాటరీలనూ కలిపేస్తే రెండూ నిండుతాయి. ఆగాక కూడా కలిపే ఉంచితే? రాత్రంతా ఫ్యాను, ఫ్రిజ్ రెండింటినీ తాగేస్తాయి. తెల్లారేసరికి ఇంజిన్ బ్యాటరీ కూడా చచ్చి ఉంటుంది.

మన గొలుసుకట్టు చెరువుల్లో రెండింటి మధ్య ఒక తూము ఉందనుకో. వరద వచ్చినప్పుడు తెరవాలి, వరద ఆగగానే మూయాలి. మూయడం మరిచిపోతే కింది చెరువుతో పాటు పైదీ ఎండుతుంది. క్యారవాన్‌లో ఆ తూము తలుపే సోలినాయిడ్.

చూడ్డానికి అదేం గొప్పగా ఉండదు. పిడికిలంత రేకు డబ్బా. బానెట్ కిందో, సీటు కిందో బిగించి ఉంటుంది. దానికి రెండు లావు బోల్టులు, ఒకటో రెండో సన్న బోల్టులు ఉంటాయి. ఒక లావు బోల్టుకు ఇంజిన్ బ్యాటరీ తీగ, రెండోదానికి ఇంటి బ్యాటరీ తీగ. సన్న బోల్టుకు తాళం దగ్గర్నుంచి వచ్చే తీగ. డబ్బా లోపల రాగి తీగ వందల చుట్లు చుట్టి ఉంటుంది. ఆ చుట్ట మధ్యలో ఒక ఇనప కడ్డీ, కడ్డీ కొసన ఒక రాగి బిళ్ళ, వెనక్కి నెట్టడానికి ఒక స్ప్రింగు. ఇంజిన్ ఆన్ కాగానే సన్న తీగలోంచి చుట్టలోకి కరెంటు వెళ్తుంది, అది అయస్కాంతమవుతుంది, కడ్డీని గుంజుతుంది, రాగి బిళ్ళ వెళ్ళి రెండు లావు బోల్టులకూ ఒకేసారి ఆనుకుంటుంది. టక్ మని వినిపిస్తుంది. ఇంజిన్ ఆపగానే అయస్కాంతం పోతుంది, స్ప్రింగు బిళ్ళను వెనక్కి నెడుతుంది, మళ్ళీ టక్. ఒక ఆంపియర్ ఖర్చుతో వంద ఆంపియర్ల దారిని తెరిచి మూయడమే దాని పనితనం. ఎవరో నిలబడి మీట వేసి తీయాల్సిన అవసరం లేకుండా ఆ పని దానంతటదే జరిగిపోతుంది. నాకు ఇప్పటికీ ఆ టక్ శబ్దం వింటే ముచ్చటేస్తుంది.

సెల్ఫ్ మోటార్ మీద కూడా ఇలాంటి సోలినాయిడ్ ఒకటుంటుంది. 1912లో క్యాడిలాక్ కార్లలో చార్లెస్ కెటరింగ్ తయారుచేసిన ఎలక్ట్రిక్ స్టార్టర్ వచ్చింది. అంతకుముందు ముందుభాగాన హ్యాండిల్ పెట్టి బలంగా తిప్పాల్సి వచ్చేది. అది ఎదురు తిరిగితే మణికట్లు విరిగేవి. స్టార్టర్ వచ్చాకే ఆడవాళ్ళు ఎవరి సాయం లేకుండా కారు తీయడం సులువైంది. మన స్వేచ్ఛకూ బ్యాటరీకీ ఇంత దగ్గరి చుట్టరికం ఉందన్నమాట.

అయితే ఇక్కడే ఒక మెలిక ఉంది, గట్టిగా గుర్తుపెట్టుకో. స్టార్టర్ కోసం చేసిన సోలినాయిడ్, బ్యాటరీలను కలిపే సోలినాయిడ్ పైకి అక్కాచెల్లెళ్ళలా ఒకేలా ఉంటాయి. కానీ స్టార్టర్‌ది కొన్ని సెకన్లు మాత్రమే పనిచేయడానికి పుట్టింది. దాని చుట్ట ఎక్కువ కరెంటు తాగుతుంది, గట్టిగా గుంజుతుంది, వెంటనే వదిలేస్తుంది. బ్యాటరీలను కలిపేది గంటల తరబడి పట్టుకుని ఉండాలి. దాన్ని కంటిన్యూయస్ డ్యూటీ అంటారు. చుట్టలో రెసిస్టెన్స్ ఎక్కువ, తాగే కరెంటు ఒక ఆంపియర్ అటూ ఇటూ. ఇది పనిచేసేటప్పుడు చేయి పెడితే వెచ్చగా ఉంటుంది, అది మామూలే. షాపులో "సోలినాయిడ్ ఇవ్వండి" అంటే చేతికందింది ఇస్తారు. ధరలో తేడా చూసి చవకది బిగిస్తే, ఆరు గంటల ప్రయాణంలో ఆ చుట్ట కాలిపోతుంది. అప్పుడు ఇంటి బ్యాటరీకి చార్జింగ్ ఎక్కదు. ఎన్ని కిలోమీటర్లు నడిపినా లైట్లు మసకబారుతూనే ఉంటాయి.

మా పిన్ని కూతురికి జరిగింది దీనికి సరిగ్గా తిరగబడ్డ రకం. తను మైండ్‌స్పేస్‌లో పనిచేస్తుంది. కిందటి చలికాలంలో భర్త, ఇద్దరు స్నేహితులతో కలిసి ఒక క్యారవాన్ అద్దెకు తీసుకుని అనంతగిరి వెళ్ళింది. ఇచ్చినవాళ్ళు ఇండక్షన్ పొయ్యి కూడా పెట్టారు. "ఇంజిన్ ఆన్‌లో ఉంచి వాడుకోండి, ఏం కాదు" అన్నారట. సాయంత్రం అలాగే ఇంజిన్ నడుస్తుండగా టీ పెట్టుకున్నారు, మ్యాగీ చేసుకున్నారు. రాత్రి ఇంజిన్ ఆపి పడుకున్నారు. పొద్దున్నే తాళం తిప్పితే సెల్ఫ్ తీసుకోలేదు. టిక్ టిక్ టిక్ అని ఎలక మూలిగినట్టు చప్పుడు, అంతే. సోమవారం పొద్దున క్లయింటుతో మీటింగ్. కొండ మీద నెట్‌వర్క్ అంతంతమాత్రం. ఎలాగో ఒక జీపు ఆపి, జంపర్ కేబుల్ వేయించుకుని బయటపడ్డారు. అద్దెకిచ్చినవాళ్ళు "బ్యాటరీ పాడైంది" అని మీరే ఎక్కువ వాడారన్నట్టు డిపాజిట్లో కోత పెట్టారు. పాపం, పిల్ల గొంతులో ఉక్రోషం ఇప్పటికీ నా చెవిలో ఉంది.

తర్వాత ఆ బండిని మెహిదీపట్నం వైపు ఒక ఆటో ఎలక్ట్రీషియన్ చూశాడు. తీసేసిన సోలినాయిడ్‌ను మా పిల్ల అడిగి తెచ్చుకుంది. నా వంటింటి గట్టు మీద పేపరు పరిచి రంపంతో ఆ రేకు డబ్బాను కోసి చూశాం. రాగి బిళ్ళ మెరుస్తూ ఉండాల్సింది నల్లగా మాడిపోయింది. అంచున చిన్న చిన్న గుంటలు. ఒకవైపు బోల్టు తల కరిగి బిళ్ళకు అతుక్కుపోయింది, వేలితో లాగితే రాలేదు. స్ప్రింగు బాగానే ఉంది, చుట్ట బాగానే ఉంది. విడిపించే బలం వాటికి లేదు, అంతే.

కారణం లెక్క వేస్తే తేలిపోతుంది. 2000 వాట్ల ఇండక్షన్‌ను 12 వోల్టుల మీద నడపాలంటే దాదాపు 167 ఆంపియర్లు కావాలి, ఇన్వర్టర్ నష్టం కలుపుకుంటే ఇంకా ఎక్కువ. ఇంటి బ్యాటరీ అంత ఇవ్వలేక వోల్టేజీ పడిపోతే, ఇంజిన్ ఆన్‌లో ఉంది కాబట్టి మిగతాదంతా ఆల్టర్నేటర్ నుంచి, ఇంజిన్ బ్యాటరీ నుంచి ఆ రాగి బిళ్ళ గుండానే పరుగెత్తింది. డబ్బా మీద రాసి ఉన్నది 80 ఆంపియర్లు. వేడెక్కింది, నిప్పురవ్వలు లేచాయి, వెల్డింగ్ అయిపోయింది. రాత్రి ఇంజిన్ ఆపినా బిళ్ళ విడిపడలేదు. రెండు బ్యాటరీలూ కలిసే ఖాళీ అయ్యాయి. డిపాజిట్ కోయించుకోవాల్సిన తప్పు ఆ పిల్లలది కానే కాదు.

దీన్ని బండి ఎక్కకముందే కనిపెట్టొచ్చు, చెల్లీ. కావాల్సింది ఒక మల్టీమీటర్. కోఠి గుజరాతీ గల్లీలో మామూలు రకం చవగ్గానే దొరుకుతుంది. దాన్ని డీసీ 20 వోల్టుల మీద పెట్టు. ఇంజిన్ ఆపి ఉండగా, ఎర్ర ముల్లు సోలినాయిడ్ ఒక లావు బోల్టుకు, నల్ల ముల్లు బండి బాడీకి ఆనించి అంకె చూడు. తర్వాత రెండో లావు బోల్టుకు. రెండు అంకెలూ ఎంతో కొంత వేరుగా ఉండాలి, ఉదాహరణకు 12.6, 12.4. రెండూ ఒకటే చూపిస్తే అనుమానించు. లోపల లైట్లు, ఫ్యాను అన్నీ వేసి మళ్ళీ చూడు. ఇంటి వైపు అంకె తగ్గి, ఇంజిన్ వైపు కదలకపోతే తలుపు మూసే ఉంది, మంచిది. రెండూ జోడుగా పడిపోతుంటే అతుక్కుపోయిందన్నమాట.

ఇప్పుడు ఇంజిన్ స్టార్ట్ చేయించు. టక్ వినిపించాలి. రెండు బోల్టులూ 13.8 నుంచి 14.4 మధ్య ఒకే అంకె దగ్గర నిలవాలి. రెండు ముళ్ళనూ రెండు లావు బోల్టుల మీదే పెడితే దాదాపు సున్నా రావాలి. అక్కడ 0.3 వోల్టో, అంతకన్నా ఎక్కువో చూపిస్తే బిళ్ళ కాలి మసిబారింది. టక్ మంటుంది కానీ కరెంటు సరిగా దాటదు. టక్ కూడా వినిపించకపోతే సన్న బోల్టు దగ్గర 12 వోల్టులు వస్తున్నాయో లేదో చూడాలి. రాకపోతే తప్పు సోలినాయిడ్‌ది కాదు, ఫ్యూజుదో తీగదో. వస్తున్నా టక్ లేదంటే చుట్ట కాలింది, లేదా ఎర్త్ సరిగ్గా లేదు. కొన్ని బండ్లలో ఇంజిన్ స్టార్ట్ కాగానే సోలినాయిడ్ పడదు, వోల్టేజీ 13.3 దాటాక కాసేపటికి పడే తెలివైన రిలే ఉంటుంది. కాబట్టి రెండు నిమిషాలు ఓపిక పట్టు.

ముళ్ళు ఆనించే ముందు ఇంకో మాట. చేతి బంగారు గాజులు, ఉంగరాలు తీసి పర్సులో వేసుకో. మెడలో పుస్తెల తాడు, నల్లపూసలు ఉంటే డ్రెస్సు లోపలికి దోపుకుని పైన చున్నీ బిగించి కట్టుకో. 12 వోల్టులు మనిషికి షాక్ కొట్టవు, నిజమే. కానీ ఒక గాజు బ్యాటరీ రెండు టెర్మినళ్ళకూ, లేదా ప్లస్‌కూ బాడీకీ మధ్య పడితే వందల ఆంపియర్లు దానిలోంచి పోతాయి. క్షణంలో ఎర్రగా కాలుతుంది, చేతి నుంచి తీయడానికి కూడా వ్యవధి ఉండదు. మగవాళ్ళకు రాసిన మాన్యువళ్ళలో ఉంగరం, వాచీ సంగతి ఉంటుంది కానీ మన మెడలోని గొలుసు సంగతి ఎవరూ రాయరు. ఇంకొకటి, సీసం బ్యాటరీ చార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది. గాలాడని చోట పోగైతే నిప్పురవ్వ చాలు. బ్యాటరీ మంచం కింద మూసేసిన పెట్టెలో ఉండి, దాని గాలి బయటికి పోయే గొట్టం లేకపోతే ఆ బండిలో పిల్లలను పడుకోబెట్టకు.

చార్జింగ్ గురించి మనవాళ్ళకు ఉన్న ఇంకో భ్రమ, బండి కదిలితే చాలు బ్యాటరీ నిండిపోతుందని. శుక్రవారం సాయంత్రం బయోడైవర్సిటీ జంక్షన్ నుంచి ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) ఎక్కేదాకా పాకుతూ వెళ్ళే గంటన్నరలో ఇంజిన్ ఐడిల్‌లోనే ఉంటుంది. ఆ వేగంలో ఆల్టర్నేటర్ తన పూర్తి శక్తిలో కొంత భాగమే ఇస్తుంది. దాంట్లోంచే హెడ్‌లైట్లకు, బండి ఏసీ ఫ్యానుకు, ఇంజిన్ కంప్యూటర్‌కు పోను ఇంటి బ్యాటరీకి మిగిలేది కొంచెమే. పైగా సీసం బ్యాటరీ 80 శాతం దాకా చకచకా తీసుకుని, చివరి 20 శాతానికి గంటలు పట్టిస్తుంది. అనంతగిరి ఇక్కడి నుంచి 80 కిలోమీటర్ల లోపే. ఖాళీ బ్యాటరీతో బయల్దేరితే అక్కడికి చేరేసరికి నిండదు. శుక్రవారం బండి తీసుకునేటప్పుడే ఇంటి ప్లగ్ మీద నింపి ఇచ్చారా అని వోల్టేజీ చూసి తీసుకోవాలి.

కొండ మీద కూర్చుని ఆఫీసు పని చేద్దామనుకునేవాళ్ళు ఈ లెక్క వేసుకోండి. ఒక ల్యాప్‌టాప్ 60 వాట్లనుకుంటే 12 వోల్టుల మీద 5 ఆంపియర్లు. ఎనిమిది గంటలకు 40 ఆంపియర్ అవర్లు. ఇద్దరు కూర్చుంటే 80. నీ 100 బ్యాటరీలో వాడుకోదగింది 50. ఇంకా ఫ్రిజ్ లెక్కే వేయలేదు. ఇక ఏసీ సంగతి సూటిగా చెప్పేస్తాను. ఒక టన్ను ఏసీ 1000 వాట్లు తాగితే 80, 90 ఆంపియర్లు. ఒక సీసం బ్యాటరీ మీద అది అరగంట కూడా సరిగ్గా నడవదు. "బ్యాటరీ మీద రాత్రంతా ఏసీ" అని ఎవరైనా చెబితే ఎన్ని బ్యాటరీలు, ఏ రకం, ఎన్ని ఆంపియర్ అవర్లు అని అడుగు. జవాబు అంకెల్లో రాకపోతే ఆ మాట నమ్మకు. కప్పు మీద 200 వాట్ల సోలార్ పలక ఉంటే మంచి ఎండ రోజున సుమారు 60 ఆంపియర్ అవర్లు వచ్చి చేరతాయి. ఓఆర్‌ఆర్ పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ కప్పంతా సోలార్ పలకలే కదా, మన ఎండను అలా పనికి పెట్టుకోవడమే తెలివి.

ఆ ఎండే బ్యాటరీకి శత్రువు కూడా. మే నెలలో ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఆరుబయట ఆపిన బండి లోపల ఎంత ఉడికిపోతుందో నీకు తెలుసు. సీసం బ్యాటరీ వేడిలో ఎక్కువకాలం ఉంటే ఆయుష్షు సగానికి సగం పడిపోతుంది. 25 డిగ్రీల దగ్గర 14.4 వోల్టులు సరిపోయే బ్యాటరీకి 45 డిగ్రీల్లో 14 దగ్గరే ఆపాలి, లేకపోతే నీళ్ళు తరిగిపోతాయి. మంచి చార్జర్‌కు వేడి కొలిచే తీగ ఉంటుంది. సోలినాయిడ్‌కు ఆ తెలివి లేదు, ఆల్టర్నేటర్ ఎంతిస్తే అంత పంపిస్తుంది.

అందుకే ఇప్పుడు కొత్త బండ్లలో సోలినాయిడ్‌కు బదులు డీసీ టు డీసీ చార్జర్ పెడుతున్నారు. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 నిబంధనలు వచ్చాక కొన్ని బండ్లలో ఆల్టర్నేటర్ కూడా తెలివి మీరింది. ఇంజిన్ బ్యాటరీ నిండిందనుకోగానే డీజిల్ ఆదా కోసం వోల్టేజీ తగ్గించేస్తుంది. అప్పుడు సోలినాయిడ్ తలుపు తెరిచి ఉన్నా అవతలికి పారేదేమీ ఉండదు. డీసీ టు డీసీ చార్జర్ వచ్చిన వోల్టేజీ ఎంతైనా దాన్ని పెంచో తగ్గించో, ఇంటి బ్యాటరీకి కావాల్సిన తీరులో అంచెలంచెలుగా ఇస్తుంది. ఇంజిన్ ఆపితే తనే ఆగిపోతుంది.

ఇంటి బ్యాటరీ లిథియందైతే ఆ చార్జర్ తప్పనిసరి అని నా అభిప్రాయం. ఎల్‌ఎఫ్‌పీ అనే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకాన్ని అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో 1997లో శాస్త్రవేత్త గుడ్‌ఇనఫ్ బృందం లోకానికి చూపించింది. ఆ పరిశోధన పత్రంలో పాఢి, నంజుండస్వామి అని మన దేశం పేర్లు ముందుంటాయి. ఈ బ్యాటరీ ఎంత అడిగితే అంత ఇస్తుంది, ఎంత ఇస్తే అంత మింగుతుంది. సోలినాయిడ్‌తో నేరుగా కలిపితే ఆల్టర్నేటర్ ఆగకుండా పూర్తి కరెంటు ఇచ్చి ఇచ్చి మాడిపోవచ్చు. ఇంకో చిక్కు, నిండిన ఎల్‌ఎఫ్‌పీ విశ్రాంతిలో కూడా 13.3 చూపిస్తుంది. వోల్టేజీ చూసి తెరిచి మూసే రిలే దాన్ని చూసి ఇంజిన్ ఇంకా నడుస్తోందనుకుంటుంది, తలుపు మూయదు. పాత సోలినాయిడ్ బండిలో బ్యాటరీ ఒక్కటి మార్చి "లిథియం పెట్టాం" అని గొప్పగా చెప్పేవాళ్ళ దగ్గర జాగ్రత్త.

బ్యాటరీల విషయంలో మనం ఎవరికో తీసిపోయిన నేల కాదు. హెచ్‌బీఎల్ అనే బ్యాటరీల కంపెనీ ఇక్కడే 1977లో పుట్టింది. గల్లా రామచంద్రనాయుడు అమెరికా నుంచి తిరిగొచ్చి 1985లో అప్పటి చిత్తూరు జిల్లాలో మొదలుపెట్టిన అమరరాజా బ్యాటరీలు దేశమంతా బండ్లలో ఉన్నాయి. ఆ సంస్థ లిథియం సెల్స్ కోసం మహబూబ్‌నగర్ దివిటిపల్లిలో 2023 మేలో పునాది వేసింది. ఇంత పరిశ్రమ మన గుమ్మంలో ఉండగా, ఒక్క రాగి బిళ్ళ గురించి తెలియక ఆడపిల్లలు కొండ మీద చిక్కుకుపోకూడదనే నా తాపత్రయం.

సోలినాయిడ్ పోతే ఏం చేయాలో కూడా చెప్పేస్తాను. దారిలో అయితే కొత్తది దొరికేదాకా ఇంటి బ్యాటరీ తీగను లావు బోల్టు నుంచి విప్పి, కొసకు ఇన్సులేషన్ టేపు చుట్టి పక్కకు కట్టేయి. విప్పేముందు ఆ బ్యాటరీ దగ్గరి ఫ్యూజు తీసెయ్, తీగలో కరెంటు ఉంటుంది. ఇంజిన్ బ్యాటరీ నీకు మిగులుతుంది, ఇల్లు చేరతావు. కొత్తది కొనేటప్పుడు పాతది చేతిలో పట్టుకెళ్ళు. 12 వోల్టులదా, కంటిన్యూయస్ డ్యూటీదా, ఎన్ని ఆంపియర్లదా అన్న మూడూ అడుగు. పెద్ద బస్సులు, లారీలు 24 వోల్టులవి, వాటిది దీనికి పనికిరాదు. తీగ సన్నగా ఉంటే ఎంత మంచి సోలినాయిడ్ అయినా దండగే. దారిలోనే అర వోల్టు పోతే 14.2 కాస్తా 13.7 అయి, బ్యాటరీ ఎప్పటికీ నిండదు. తీగకు రెండు చివరలా, బ్యాటరీలకు జానెడు దూరంలోపే ఫ్యూజులుండాలి. ఫ్యూజు లేని తీగ బాడీకి రాసుకుంటే నిప్పంటుకుంటుంది.

ఇక నీ వంతు, చెల్లీ. ఈసారి అగ్రిమెంటు మీద సంతకం పెట్టేముందు బానెట్ ఎత్తించి, "ఇంటి బ్యాటరీని కలిపేది ఏది, చూపించండి" అని అడుగు. మల్టీమీటర్ బయటికి తీసి నాలుగు అంకెలు చూసి, ఫోన్లో ఫొటో తీసిపెట్టుకో, డిపాజిట్ కోతకు వస్తే అదే సాక్ష్యం. చూపించలేనివాళ్ళ బండి ఎంత చవగ్గా వచ్చినా వద్దు.